పెరటి జామచెట్టు, నాయనమ్మ షరతులు

మా పెరట్లోని జామచెట్టును ఎవరూ పనిగట్టుకుని నాటలేదు. స్నానాల గది నీళ్లు పారే కాలువ పక్కన ఏ పక్షి విడిచిన గింజో మొలిచింది. అది కలుపు మొక్క కాదని ఎవరో గుర్తుపట్టి వదిలేయడం వల్ల, మాకు ఊహ తెలిసే నాటికి ఇంటి కప్పును దాటిన చెట్టై నిలబడింది. జామ గింజకు ఆ మొండితనం పుట్టుకతోనే ఉంది. పక్షి కడుపులోంచి వచ్చినా, పశువు పేడలోంచి వచ్చినా అది మొలకెత్తగలదు. ఉష్ణమండల అమెరికాలో పుట్టిన ఈ చెట్టు స్పానిష్, పోర్చుగీసు నావికుల వెంట సముద్రాలు దాటి వేడి నేలలున్న దేశాలన్నిటికీ పాకింది. గలాపగోస్ దీవుల వంటి చోట్ల స్థానిక మొక్కలను తొక్కేసే బెడదగా కూడా మారిందంటే, దానికి ఈ గింజల మొండితనం ఒక పెద్ద కారణం. మా చెట్టు మాత్రం ఎవరికీ బెడద కాలేదు. దాని నీడ వల్ల బట్టలు త్వరగా ఆరడం లేదని అమ్మ అప్పుడప్పుడూ విసుక్కోవడం తప్ప దాని మీద ఫిర్యాదులేవీ ఉండేవి కావు.

దాన్ని తలుచుకుంటే నాకు కాయకంటే ముందు బెరడు గుర్తొస్తుంది. గోధుమరంగు బెరడు పలచటి పెచ్చులుగా లేచి ఉండేది. గోటితో మీటితే ఆ పెచ్చు ఊడి, దాని కింద లేతాకుపచ్చకూ బూడిదరంగుకూ మధ్య ఉండే నున్నటి మాను బయటపడేది. మండుటెండలో కూడా ఆ మానుకు చెంప ఆనిస్తే చల్లగా తగిలేది. బెరడు ఒలిస్తే చెట్టుకు నొప్పి అని పెద్దవాళ్లు కేకలేసేవారు గానీ, జామచెట్టు తనంతట తానే పాత బెరడును రాల్చుకుంటుందని బాబాయి చెప్పాక మాకు ధైర్యం వచ్చింది. కొమ్మలు సన్నగా కనిపిస్తాయి గానీ మహా గట్టివి. వంగుతాయే తప్ప తొందరగా విరగవు. పనిముట్ల పిడులకూ, పిల్లల పంగలకర్రలకూ జామకొమ్మను వెతుక్కునేది ఆ గట్టిదనం కోసమే. చెట్లెక్కడం నేర్చుకోవాలంటే దీన్ని మించిన బడి లేదు. నేలకు దగ్గరగానే కొమ్మలు చీలతాయి కనుక మొదటి అడుగు ఎక్కడ వేయాలా అని ఆలోచించే పని కూడా ఉండదు.

ఎక్కడానికి అనుమతి ఉండేది గానీ తినడానికి నాయనమ్మ షరతులు ఉండేవి. దోర కాయే కోయాలి, కసరు కాయ ముట్టుకోకూడదు. తొక్క తీయకూడదు. గింజలు ఉమ్మేయకూడదు, అలాగని వాటిని పళ్లతో పటపటలాడించనూకూడదు. కోసిన కాయ కడిగి, కోసిన పూటే తినాలి. ఈ షరతులన్నీ ఆవిడకు ఎవరు చెప్పారో తెలియదు. ఆవిడ చదువుకున్నది తక్కువ. విటమిన్ అనే మాటను జీవితంలో ఎన్నడూ వాడి ఉండదు. నేను పెద్దయ్యాక, ఆహార విలువల పట్టికలు చదవడం ఒక అలవాటుగా మారాక, ఒక్కో షరతునూ తీసుకుని పట్టిక పక్కన పెట్టి చూశాను. దాదాపు అన్నీ నిలబడ్డాయి. ఎందుకు నిలబడ్డాయో రాద్దామనే ఇదంతా.

దోర కాయ సంగతి ముందు చెప్పాలి. జామకాయకు చెట్టు మీద నాలుగు దశలు ఉంటాయి: పిందె, కసరు, దోర, పండు. నాయనమ్మ వాటిని కంటితో కాక వేలితో తేల్చేది. బొటనవేలితో కాయ నడుమ మెల్లగా నొక్కేది. వేలు ఏమాత్రం దిగకపోతే కసరు, నొక్కినచోట కొద్దిగా లొంగి మళ్లీ పైకి వస్తే దోర, గుంట అలాగే ఉండిపోతే పండు. రంగు ముదురాకుపచ్చ నుంచి తేలిపోయి లేత పసుపు జాడ తొడిమ దగ్గర మొదలైందా లేదా అన్నది రెండో పరీక్ష. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన రావాలి, కానీ వెతికితేనే రావాలి, తనంతట తాను ఎదురు రాకూడదు, అది మూడోది. కసరు కాయను ఆవిడ వద్దన్నది వగరు వల్ల మాత్రమే కాదు. ఆ వగరుకు కారణమైన టానిన్లు మలబద్ధకం తెస్తాయి. సెలవుల్లో పచ్చికాయలు తెగ తిని కడుపు పట్టుకు కూర్చున్న మా అన్నయ్య ఆ పాఠానికి ఇంట్లో శాశ్వత ఉదాహరణగా మిగిలిపోయాడు. కాయ పక్వానికి వచ్చేకొద్దీ టానిన్లు తగ్గి, చక్కెరలు పెరిగి, సాధారణంగా సి విటమిన్ కూడా పెరుగుతుంది. మరీ మెత్తబడి మగ్గిపోయాక ఆ విటమిన్ మళ్లీ తగ్గుముఖం పడుతుంది. అటు వగరు వదిలి, ఇటు మగ్గిపోక మునుపు ఉండే ఆ కొద్ది రోజుల వ్యవధినే ఆవిడ వేలు పట్టుకునేది.

సి విటమిన్ విషయంలో జామకాయ గొప్పతనం ఎంతటిదో నాకు అంకెలు చూసేదాకా తెలియలేదు. నూరు గ్రాముల జామలో సుమారు 228 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది. సి విటమిన్ అనగానే అందరికీ గుర్తొచ్చే కమలాపండులో అదే బరువుకు 50 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ. రకాన్ని బట్టి, నేలను బట్టి, పక్వాన్ని బట్టి జామలో ఈ లెక్క చాలా మారుతుంది కానీ, బాగా తక్కువగా ఉన్న రకం కూడా కమలాకు తీసిపోవడం అరుదు. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజుకు 45 మిల్లీగ్రాములు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కొన్ని దేశాలు 75 నుంచి 90 దాకా ఉండాలంటాయి. ఏ లెక్క తీసుకున్నా ఒక మోస్తరు జామకాయ ఆ రోజుకు సరిపోయి ఇంకా మిగులుతుంది. మిగిలినదాన్ని శరీరం దాచుకోలేదు, మూత్రంలో పంపేస్తుంది. కాబట్టి ఒకేరోజు చెట్టు దులిపేసి బుట్టెడు కాయలు తినడం వల్ల ఆ విటమిన్ వరకు ఒరిగేది ఏమీ లేదు. ఒక్కో కాయ చొప్పున రోజూ తింటేనే లాభం. నాయనమ్మ మనిషికి ఒక కాయ అని పంచిపెట్టినప్పుడు మేము దాన్ని పిసినారితనం అనుకునేవాళ్లం.

మనుషులు ఈ విటమిన్‌ను ఒంట్లో తయారుచేసుకోలేరు. దాని తయారీలో చివరి మెట్టుకు కావలసిన ఎంజైము జన్యువు మన పూర్వీకులలో ఎప్పుడో పాడైపోయింది. కోతులది, గినీ పందులది, కొన్ని రకాల గబ్బిలాలది కూడా ఇదే అవస్థ. ఉడుత అలా కాదు, దాని కాలేయమే దానికి కావలసినంత తయారు చేసిపెడుతుంది. ఈ సంగతి చదివిన రోజున నాకు మా చెట్టు మీది ఉడుతలు గుర్తొచ్చి కాస్త కోపం కూడా వచ్చింది. మాకు అవసరమై తినాల్సిన కాయల్ని అవి కేవలం రుచి కోసం, అదీ ఒక్కో కాయకు ఒక్క కొరుకు చొప్పున కొరికి పారేసేవి.

ఆ చెట్టు మీంచి జారిపడి మోకాళ్లు దోక్కుపోని పిల్లలు మా ఇంట్లో లేరు. దెబ్బ తగిలిన చోట కొత్త కణజాలం కట్టడానికి కొల్లాజెన్ అనే మాంసకృత్తు కావాలి, అది గట్టిపడడానికి సి విటమిన్ కావాలి. ఆ విటమిన్ నెలల తరబడి అందకపోతే చిగుళ్ల నుంచి రక్తం కారి, మానిన పాత గాయాలు సైతం మళ్లీ విడివడతాయి. సుదీర్ఘ సముద్రయానాల్లో నావికుల్ని వేలకొద్దీ చంపిన స్కర్వీ వ్యాధి అదే. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు రోగులను జంటలుగా విడదీసి ఒక్కో జంటకు ఒక్కో పదార్థం ఇచ్చి చూసినప్పుడు, కమలాలు, నిమ్మకాయలు తిన్నవారే త్వరగా లేచి తిరిగారు. ఆ పరీక్షలో జామ లేదు. ఉండి ఉంటే దాని ఫలితం ఎలా ఉండేదో పైన చెప్పిన అంకెలే చెబుతున్నాయి. మా వరకు మోకాలి దెబ్బకు మందూ, దెబ్బకు మూలమూ ఒకే చెట్టు కావడం మాత్రం ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

తొక్క తీయకూడదన్న షరతు దగ్గర ఇంట్లో తరచు పేచీ వచ్చేది. అత్తయ్య వచ్చినప్పుడల్లా చాకు తీసుకుని తొక్క చెక్కి, లోపలి గింజల ముద్దను చెంచాతో తీసేసి, మిగిలిన తెల్లటి గుజ్జును ముక్కలు చేసి పళ్లెంలో అందంగా పేర్చేది. నాయనమ్మ ఆ పళ్లెం వైపు చూసి, "మంచిదంతా గేదెకు వేసి, మిగిలింది పిల్లలకు పెడుతున్నావా అమ్మా?" అనేది. మాటలో వెక్కిరింపు ఉన్నా విషయం నిజమే. జామలో సి విటమిన్ అన్నిటికంటే ఎక్కువగా ఉండేది తొక్కలోనూ, తొక్కకు ఆనుకుని ఉన్న గుజ్జులోనూ. లోపలికి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. పీచులో పెద్ద వాటా తొక్కా, గింజలూ కలిసి ఇచ్చేదే. ఆ రెంటినీ తీసేశాక మిగిలేది తీపి, నీరు, కాస్త మెత్తదనం.

నూరు గ్రాముల జామలో పీచు సుమారు 5.4 గ్రాములు. రోజూ తినే పండ్లలో ఇంత పీచు ఉన్నవి తక్కువ. తొక్కతో తిన్న ఆపిల్‌లోనే ఇందులో సగం ఉండదు. ఈ పీచు రెండు రకాలు. నీటిలో కరిగే పెక్టిన్ పేగులో జిగురుగా మారి, తిన్న చక్కెర రక్తంలోకి ఎక్కే వేగాన్ని తగ్గిస్తుంది, పైత్యరసంతో పాటు కొంత కొలెస్టరాల్‌ను పట్టుకుని బయటకు తీసుకుపోతుంది. కరగనిది మలాన్ని కదిలిస్తుంది. గింజలు దాదాపు చెక్కుచెదరకుండానే లోపలి నుంచి బయటకు ప్రయాణం కట్టేస్తాయి. కడుపులో చెట్టు మొలుస్తుందని అన్నయ్య నన్ను బెదిరించిన రోజులున్నాయి. కొంచెం పెద్దయ్యాక అపెండిక్స్‌లో ఇరుక్కుంటాయని స్నేహితులు బెదిరించారు. అపెండిసైటిస్‌తో ఆసుపత్రికి చేరినవారిలో పండ్ల గింజ కారణమని తేలేది అత్యంత అరుదు. నాయనమ్మకు ఇవేవీ తెలియవు. పళ్ల మధ్య ఇరికించి పటపటలాడిస్తే పన్ను పగులుతుందని మాత్రం గట్టిగా తెలుసు. తాతయ్య పన్ను ఒకటి అలాగే పోయిందట.

పట్టికలో నాకు మరో ఆశ్చర్యం పొటాషియం. పొటాషియం అనగానే అరటిపండు పేరు చెబుతాం. బరువుకు బరువు తూచి చూస్తే నూరు గ్రాముల అరటిలో సుమారు 358 మిల్లీగ్రాములు, జామలో 417. రక్తపోటును అదుపులో పెట్టడంలో ఉప్పులోని సోడియానికి ఎదురు నిలిచే ఖనిజం ఇది. మేము మాత్రం ఆ కాయను నాలుగు చీలికలు చేసి, చీలికల మధ్య ఉప్పూ కారం కూరి తినేవాళ్లం కనుక ఆ మేలును అక్కడికక్కడే కొంత వెనక్కి ఇచ్చేసేవాళ్లం. మాంసకృత్తులు కూడా రెండున్నర గ్రాముల దాకా ఉంటాయి. పప్పుధాన్యాలతో పోల్చదగ్గ అంకె కాదు గానీ ఒక పండుకు ఎక్కువే. ఇన్ని ఉన్నా క్యాలరీలు 68 మాత్రమే.

మా పిన్ని నర్సుగా పనిచేసేది. సెలవుకు ఇంటికి వచ్చిందంటే ఎవరెవరు పాలిపోయి ఉన్నారో కనురెప్పలు కిందికి లాగి చూసేది. రక్తం తక్కువగా ఉన్న మా అక్కయ్యకు ఆవిడ చెప్పింది ఒకటే: భోజనం అయ్యాక టీ తాగడం మానేసి, ఆ స్థానంలో ఒక జామకాయ తినమంది. కారణం కూడా వివరించింది. ఆకుకూరల్లో, పప్పుల్లో, ధాన్యాల్లో ఉండే ఇనుము శరీరానికి సులభంగా పట్టదు. ధాన్యాల్లోని ఫైటేట్లు, టీలోని టానిన్లు దాన్ని పట్టి ఉంచేస్తాయి. అదే భోజనంతో పాటు సి విటమిన్ కడుపులోకి వెళితే, అది ఇనుమును పేగు పీల్చుకోగలిగిన రూపంలోకి మార్చి, ఆ పట్టు నుంచి తప్పిస్తుంది. జామలో ఇనుము పెద్దగా లేదు, నూరు గ్రాములకు పావు మిల్లీగ్రామే. కానీ పక్క కంచంలోని ఇనుమును ఒంటికి పట్టించే నేర్పు దానికి ఉంది. నాకు ఈ ఒక్క సంగతి చాలా ఇష్టం. పండు విలువను అందులో ఏముందనే లెక్కతోనే కొలిస్తే ఇలాంటివి జారిపోతాయి. గర్భిణులకు కావలసిన ఫోలేట్ కూడా జామలో నూరు గ్రాములకు 49 మైక్రోగ్రాముల దాకా ఉంటుందని పిన్నే చెప్పింది. అయితే అది మాత్రకు తోడే తప్ప మాత్రకు బదులు కాదని కూడా ఆ వెంటనే హెచ్చరించింది.

మాది తెల్ల జామ. వెనకింటి వాళ్లది గులాబీ రంగు గుజ్జున్న జామ. పిల్లల లోకంలో దానికి ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు; మా కాయలు రెండిస్తే గానీ వాళ్ల కాయ ఒకటి రాలేది. ఆ రంగు లైకోపీన్‌ది. టమాటాకు, పుచ్చకాయకు ఎరుపునిచ్చేదీ అదే. గులాబీ జామలో అది నూరు గ్రాములకు ఐదు మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, అంటే పచ్చి టమాటాలో ఉన్నదానికి సుమారు రెట్టింపు. కణాలను దెబ్బతీసే ఆక్సీకరణను అడ్డుకునే పదార్థాల్లో ఇదొకటి. తెల్ల జామలో ఇది లేనట్టే లెక్క. ఆ బేరం పిల్లలం రంగు చూసి చేసిందే అయినా, లైకోపీన్ వరకు గిట్టుబాటైన బేరమే.

లైకోపీన్‌కూ, సి విటమిన్‌కూ స్వభావం పూర్తిగా వేరు. లైకోపీన్ వేడికి తట్టుకుంటుంది, కాస్త కొవ్వు తోడైతే ఒంటికి మరింత బాగా పడుతుంది. సి విటమిన్‌కు వేడీ పడదు, గాలీ పడదు. ఈ తేడా నాకు అత్తయ్య చేసిన జామ జెల్లీ దగ్గర అర్థమైంది. ఆవిడ దోర కాయలే ఏరుకునేది, ఎందుకంటే జెల్లీని గడ్డకట్టించే పెక్టిన్ దోర కాయలో సమృద్ధిగా ఉండి, పండు మగ్గేకొద్దీ విరిగిపోతుంది. కాయల్ని ముక్కలుగా కోసి, నీళ్లలో మెత్తగా ఉడికించి, పలచటి గుడ్డలో మూటగట్టి వేలాడదీసేది. పిండితే రసం మసకబారుతుందని ఎవరినీ ఆ మూటను తాకనిచ్చేది కాదు. రాత్రంతా చుక్కలు చుక్కలుగా దిగిన రసానికి చక్కెర, నిమ్మరసం కలిపి మరిగించి, గరిటెతో పైకెత్తి అంచు నుంచి జారనిచ్చేది. మొదట్లో అది ధారగా పడేది, తరువాత బొట్లుగా పడేది, చివరికి రెండు బొట్లు గరిటె అంచున ఒకటిగా కలిసి, పలచటి రేకుగా సాగి, తెగి పడేది. ఆ రేకు కనబడగానే పొయ్యి మీంచి దించేసేది. సీసాలో పోసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఎర్రటి గాజు రాయిని చూసినట్టుండేది. రుచి సంగతి చెప్పనవసరం లేదు. కానీ అంత మరిగాక అందులో సి విటమిన్ చాలావరకు పోయి ఉంటుంది, తొక్కా గింజలూ గుడ్డలోనే మిగిలిపోయాయి, చక్కెర మాత్రం సీసాలో సగానికి సగం చేరింది. నా మటుకు అది మిఠాయి. మిఠాయిగా తింటే దానితో ఎవరికీ తగాదా లేదు. కాయకు బదులు అనుకుని పిల్లలకు రోజూ రొట్టె మీద పూసి పెడితేనే లెక్క తప్పుతుంది.

బాబాయి వృక్షశాస్త్రం చదివే రోజుల్లో అతని దగ్గర ఒక చిన్న భూతద్దం ఉండేది. ఒకరోజు జామాకును ఎండకు ఎదురుగా పట్టి, "ఇటు చూడమ్మా, ఆకంతా సూదితో పొడిచినట్టుంది కదూ" అన్నాడు. నిజంగానే ఆకు నిండా వెలుతురు చొరబడే సన్నటి చుక్కలు కనబడ్డాయి. అవి నూనె గ్రంథులు. ఆకు నలిపితే వచ్చే ఘాటు వాసన వాటిదే. నేరేడు, లవంగం, నీలగిరి చెట్టు కూడా జామతో పాటు ఒకే కుటుంబానికి చెందినవని, వాటి ఆకుల్లోనూ ఇలాంటి గ్రంథులే ఉంటాయని చెప్పి, ఆ సాయంత్రమంతా ఆకులు నలిపి మా చేత వాసన చూపించాడు. పువ్వును కూడా అలాగే చూశాం. తెల్లటి రేకులు నాలుగైదే, కానీ వాటి మధ్య కేసరాలు వందల కొద్దీ నిక్కపొడుచుకుని ఉంటాయి, వాటి చుట్టూ తేనెటీగలు. రేకులు రాలిపోయినా ఆ పువ్వుకు కింద కాపుగా ఉన్న ఆకుపచ్చ తునకలు రాలవు; పిందె, కాయ, పండు దాకా అవి అలాగే ఉండి, కాయ అడుగున మనకు కనిపించే ఎండిన గోధుమరంగు చుట్టుగా మిగులుతాయి. పువ్వు విరిసిన నాటి నుంచి కాయ కోతకు రావడానికి నాలుగైదు నెలలు పడుతుంది.

ఆకుతో వైద్యం నాయనమ్మ శాఖ. నోరు పూస్తే లేత చిగురు నమిలించి ఉమ్మించేది, పంటినొప్పికి ఆకులు మరిగించిన నీళ్లతో పుక్కిలించమనేది, విరేచనాలైతే అదే కషాయం గోరువెచ్చగా కొద్దికొద్దిగా పట్టించేది. జామాకులో టానిన్లు, క్వెర్సెటిన్ కుటుంబానికి చెందిన ఫ్లావనాయిడ్లు బాగా ఉన్నాయి. టానిన్లు నోటి పొరను బిగుతుగా చేసి మంట తగ్గిస్తాయి, ఆకుసారం కొన్ని రకాల బ్యాక్టీరియాను అణచడం ప్రయోగశాలల్లో కనబడింది. మెక్సికోలో ఆకుసారంతో రోగుల మీద జరిపిన పరీక్షలో విరేచనాల వేళ వచ్చే కడుపునొప్పి తగ్గడానికి పట్టే సమయం తక్కువైంది. జపాన్‌లో భోజనంతో పాటు జామాకు టీ తాగేవారున్నారు. ఆకులోని పాలీఫినాళ్లు పిండిపదార్థాలను చక్కెరగా విడగొట్టే ఎంజైములను నెమ్మదింపజేస్తాయన్నది దాని వెనకున్న ఆలోచన. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఈ ఒక్కచోట పిన్ని నాయనమ్మను ఎదిరించింది. విరేచనాలలో ప్రాణం తీసేది ఒంట్లో నీరూ లవణాలూ కోల్పోవడం, కాబట్టి ముందు పడాల్సింది ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు, ఆ తరువాతే ఏ కషాయమైనా అని తేల్చి చెప్పింది. నాయనమ్మ కాసేపు అలిగింది గానీ, ఆ తరువాత కషాయం గిన్నె పక్కన ఆ నీళ్ల చెంబు కూడా వచ్చి చేరింది.

చిలక కొట్టిన జామపండు తీపి అనేది పిల్లలందరికీ కంఠతా వచ్చిన సత్యం. చిలక పక్వానికి వచ్చిన కాయనే ఎంచుకుంటుంది కనుక అందులో నిజం లేకపోలేదు. చిలక కొట్టిన మేర చాకుతో తీసేసి మేము తక్కింది తినేవాళ్లం. ఇప్పుడు నేను ఆ పని చేయను, ఎవరినీ చేయనివ్వను. రాత్రిపూట గబ్బిలం కొరికిన కాయకూ, పగలు చిలక కొట్టిన కాయకూ తేడా కనిపెట్టడం కష్టం. 1999లో మలేషియాలో తొలిసారి గుర్తించిన నిపా వైరస్ పండ్లు తినే గబ్బిలాల లాలాజలం ద్వారా కూడా సోకగలదు కాబట్టి, కొరికిన గుర్తులున్న పండును పారేయడమే క్షేమమని వైద్యులు చెబుతున్నారు. చిన్ననాటి రుచుల్లో కొన్నింటిని జ్ఞాపకంగా ఉంచుకోవాలే గానీ తిరిగి నోట్లో పెట్టుకోకూడదు.

చెట్టు బాగోగులు తాతయ్య చూసుకునేవారు. ఆయన కాపు అయిపోయాక కొమ్మల కొసలు కత్తిరిస్తుంటే పిల్లలం చుట్టూ చేరి గోలపెట్టేవాళ్లం. చెట్టును బోడి చేస్తున్నారని నేను ఏడ్చిన గుర్తు కూడా ఉంది. జామ పాత కొమ్మ మీద పూయదు, కొత్తగా తొడిగిన రెమ్మ మీదే, ఆకు మొదట్లో పూస్తుంది. కత్తిరిస్తే కొత్త రెమ్మలు వస్తాయి, రెమ్మలు వస్తే పూత వస్తుంది, లోపలి కొమ్మలకు ఎండ తగులుతుంది. వానాకాలపు కాయల్లో పురుగు పడేది. పక్వానికి వస్తున్న కాయ తొక్కలో పండు ఈగ తన అండనాళంతో గుచ్చి గుడ్లు పెడుతుంది. పైకి చిన్న చుక్క తప్ప మరేమీ కనబడదు, లోపల మాత్రం తెల్లటి పురుగులు గుజ్జంతా తొలిచేస్తాయి. తాతయ్య పిందె నిమ్మకాయంత అయ్యేసరికి పాత కాగితపు సంచులు తొడిగి దారంతో కట్టేవారు. రాలిన కాయల్ని ఏనాడూ చెట్టు కింద ఉండనిచ్చేవారు కాదు, లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టించేవారు. పురుగు మట్టిలోకి దిగి ఈగగా మారి మళ్లీ చెట్టెక్కే దారిని ఆయన అలా మూసేసేవారు. మందు కొట్టిన కాయ తొక్కతో తినాలంటే మనసొప్పదు కనుక, తొక్క తీయకూడదన్న నాయనమ్మ షరతు నిలబడడానికి సగం కారణం ఆ కాగితపు సంచులే.

గింజ మొక్క తల్లి చెట్టు గుణాన్ని నిలుపుకుంటుందన్న నమ్మకం లేదు. అందుకే ఎవరైనా మా జామ కావాలంటే తాతయ్య అంటు కట్టి ఇచ్చేవారు. వేలంత లావున్న కొమ్మ మీద రెండు వేళ్ల వెడల్పున బెరడును చుట్టూ ఒలిచి, ఆ చోట తడిపిన నాచు పెట్టి, గాలి ఆడకుండా బిగించి కట్టేసేవారు. ఆకులు తయారుచేసిన ఆహారం ఆ ఒలిచిన చోటు దాటి కిందికి పోలేక అక్కడే పోగుపడి, కొన్ని వారాల్లో వేళ్లు పుట్టుకొస్తాయి. అప్పుడు దాని దిగువన కోసి కుండీలో నాటితే, గింజ మొక్కకంటే ముందుగా కాపుకొస్తుంది. ఇవాళ మా డాబా మీద పెద్ద కుండీలో ఉన్న జామ ఆ వంశానిదే. అంటు నుంచి అంటుగా చేతులు మారి నా దాకా వచ్చింది.

నడివయసు దాటాక తాతయ్యకు చక్కెర వ్యాధి పట్టుకుంది. ఆయనకు మగ్గిన పండంటే ప్రాణం. ఇల్లంతా కలిసి పండు మాన్పించాలని చూస్తే, పిన్ని మాత్రం జామను పూర్తిగా మానేయమనలేదు. దోర కాయ ఒకటి, తొక్కతో సహా, నమిలి తింటే ఫర్వాలేదంది. పీచు చెక్కుచెదరకుండా ఉంటుంది కనుక చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది, నమలడానికి సమయం పడుతుంది కనుక ఒక్క కాయతోనే తృప్తి కలుగుతుంది. అవే కాయలను రసం తీసి వడకడితే పీచు పోయి, రెండు మూడు కాయల తీపి ఒక్క గుక్కలో లోపలికి పోతుందని, రసం జోలికి మాత్రం వెళ్లొద్దని చెప్పింది. మూత్రపిండాలు దెబ్బతిని పొటాషియం తగ్గించుకోవాల్సినవారికైతే ఈ సలహా కూడా వర్తించదని, వాళ్లు తమ వైద్యుణ్ణి అడిగే తినాలని అప్పుడే అంది.

తాతయ్య తలూపారు. ఊపి, పెట్టె అడుగున గుడ్డల మధ్య ఒక దోర కాయను దాచి మగ్గబెట్టుకోవడం మొదలుపెట్టారు. కోశాక కూడా పండే కాయ కదా, తనలోంచి వెలువడే ఎథిలీన్ వాయువుతో తానే మగ్గిపోతుంది. మూసిన పెట్టెలో ఆ వాయువు బయటకు పోదు కనుక మరింత త్వరగా మగ్గుతుంది. ఆయన ఎత్తు అంతవరకు సాగింది. కానీ మగ్గిన జామ వాసన పెట్టె మూతకు లొంగేది కాదు. రెండో రోజుకే నడవలోంచి నాయనమ్మ గొంతు వినబడేది: "ఏమండీ, పండు మగ్గినట్టుంది, తినేయండి. రేపు మీ వాటా కాయ పిల్లలకు ఇచ్చేస్తాను."